పెరటి పేరు, పొలం పేరు: పల్నాటి మొక్కల నామచరిత్ర

పల్నాటి పల్లెలను గురించి శ్రీనాథునికి ఆపాదించే చాటువు తెలుగు పాఠకులకు కొత్తది కాదు. రాళ్ళూ, జొన్నకూడూ, తేళ్ళూ అందులో కనిపిస్తాయి. ముళ్ళచెట్టు ఒక్కటీ కనిపించదు. నేడు నరసరావుపేట నుంచి గురజాల మీదుగా మాచర్ల వెళ్ళే మనిషికి దారిపొడవునా కంటబడేది చిల్లచెట్టు. చెరువుకట్టల మీద, నాపరాతి గనుల అంచున, శ్మశానాల్లో, సాగుమానిన చేలల్లో అదే. పల్నాడును ఎగతాళి చేయడానికి కవికి ఇంతకంటే తగిన వస్తువు దొరకదు. అయినా ఆ చాటువులో అది ఉండే వీలు లేదు. ఆ చెట్టు తెలుగునేల మీద కాలుమోపింది 1877లో.

ఒక ప్రాంతానికి సహజ లక్షణంగా కనిపించే వృక్షసంపద ఎంత ఇటీవలిదో, ఆ సంగతిని భాష ఎంతవరకు గుర్తుపెట్టుకుందో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. అందం కోసం, ఉపయోగం కోసం తెచ్చుకున్న మొక్కల్లో కొన్ని పెరటికే పరిమితమయ్యాయి. కొన్ని కంచె దాటి చేలనూ కాలువలనూ అడవినీ ఆక్రమించాయి. ఈ రెండు తెగలకూ తెలుగువారు పెట్టిన పేర్లే ఇక్కడ ప్రధాన ఆధారం. పల్నాడు అంటే చారిత్రకంగా గురజాల, మాచర్ల, కారెంపూడి ప్రాంతం. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా జిల్లా ఏర్పడ్డాక ఆ పేరు విస్తరించింది. ఇక్కడ విస్తృతార్థాన్నే తీసుకొన్నాను.

కావ్యోద్యానం, పెరడు

ప్రబంధకవులకు ఉద్యానవర్ణన తప్పనిసరి. పుష్పాపచయం, వనవిహారం, దోహదక్రియలు అందులో భాగాలు. కాంత పాదతాడనానికి అశోకం పూస్తుంది, పుక్కిటి మద్యానికి పొగడ పూస్తుంది. మల్లె, జాజి, సంపెంగ, మొగలి, పొన్న ఆ తోటలో నిత్యనివాసులు. ఈ పట్టిక కవిసమయం నుంచి వచ్చింది. కవి తన ఊరి పెరటిని చూసి రాసింది కాదు. కాబట్టి ప్రబంధోద్యానాన్ని నాటి తోటల జాబితాగా చదవడం సాహసమే అవుతుంది. అయితే పేర్ల విషయంలో ఆ కావ్యాలు ఒక మేలు చేస్తాయి. ఒక మాట పాత అర్థమేమిటో తేల్చుకోవడానికి అవే సాక్ష్యం.

‘బంతి’ని చూద్దాం. నేడు బంతిపూవు లేని సంక్రాంతి గొబ్బెమ్మ లేదు, దసరా తోరణం లేదు. దీనికంటే తెలుగుదైన పూవు ఉందా అనిపిస్తుంది. కాని ఆ మొక్క మెక్సికో నుంచి వచ్చింది. పదహారో శతాబ్దికి పూర్వం భారతదేశంలో దాని ఉనికి అసంభవం. అంతకు ముందటి కావ్యాల్లో ‘పూబంతి’ అంటే పూలతో కట్టిన చెండు, ఆడుకునే బంతి. కొత్తగా వచ్చిన మొక్క పూవు గుండ్రంగా నిండుగా ఉండడంతో పాత మాట దానికి అతికిపోయింది. ‘పూబంతి’ కనబడ్డ ప్రతిచోటా నేటి బంతిపూవును తలచుకొని వ్యాఖ్యానించడం కాలవ్యతిక్రమం. తరగతి గదుల్లో ఇది తరచుగా జరుగుతోంది.

గన్నేరు కథ ఇంకా ఆసక్తికరం. అసలు గన్నేరు, అంటే సంస్కృతంలో కరవీరం, మనకు ప్రాచీనమైనది. దాని చుట్టూ చేరిన మిగతావి పరదేశపు మొక్కలు. పచ్చగన్నేరు, దేవగన్నేరు అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చాయి. బిళ్ళగన్నేరు మడగాస్కర్ ద్వీపం నుంచి వచ్చింది. తెల్లని పాలు కారే దేవగన్నేరుకూ, పట్టెడు ఎత్తు కూడా పెరగని బిళ్ళగన్నేరుకూ పైకి పోలిక లేదు. అయినా తెలుగువారు ఈ మూడింటినీ గన్నేరు ఇంటిపేరులోకి చేర్చారు. వృక్షశాస్త్రజ్ఞులు సైతం ఈ నాలుగింటినీ ఎపోసైనేసీ అనే ఒకే కుటుంబంలో చేర్చడం గమనార్హం. సుంకేసులకూ ఎర్రపూల సీమసుంకేసులకూ ప్రజాతి ఒకటే. తూటికూరకూ తూటికాడకూ అంతే. లక్షణాలు చూసి చుట్టరికం కలిపే ఈ పద్ధతిని జానపదుల అమాయకత్వంగా కొట్టిపారేయడం తగదు. ఈ నామకరణం వెనుక నిశితమైన పరిశీలన ఉంది.

సర్కారు తుమ్మ

చుట్టరికం కలిపినప్పుడు తెలుగు ఒక విశేషణాన్ని కూడా జోడిస్తుంది. నల్లతుమ్మ, తెల్లతుమ్మ ఇక్కడివే. వాటి సరసన చేరిన అమెరికా చెట్టు ప్రోసోపిస్ జూలిఫ్లోరాకు ‘సర్కారు తుమ్మ’, ‘ఇంగ్లీషు తుమ్మ’, ‘సీమతుమ్మ’ అనే పేర్లు వచ్చాయి. పల్నాట ఎక్కువగా వినబడే ‘చిల్ల’ దీనికే వాడుక పేరు. ‘సీమ’ అంటే ఓడలో వచ్చింది అని మాత్రమే అర్థం. సీమచింతలోనూ సీమసుంకేసులలోనూ ఉన్నది అదే. ‘సర్కారు’ అలాంటిది కాదు. అది తెచ్చినవాణ్ణి వేలెత్తి చూపుతుంది.

చరిత్ర ఆ వేలు చూపిన వైపే ఉంది. మద్రాసు రాజధానిలో అటవీ శాఖాధిపతిగా ఉన్న బెడ్డోమ్ 1876లో పొడినేలల్లో వంటచెరకు కోసం ఈ చెట్టును నాటాలని రెవెన్యూ శాఖకు ప్రతిపాదించాడు. మరుసటి ఏడు జమైకా నుంచి విత్తనం వచ్చింది. కడప జిల్లా కమలాపురంలో నాటారు. దేశంలో ఈ చెట్టు చరిత్ర తెలుగు ఊళ్ళోనే మొదలైందన్న సంగతి మన సాహిత్య చరిత్రకారుల దృష్టికి అంతగా రాలేదు. ‘సర్కారు’ అన్న మాటకు సర్కారు జిల్లాలు అనే అర్థం కూడా ఉంది గనుక, రాయలసీమవారు ‘కోస్తా నుంచి వచ్చిన తుమ్మ’ అన్న భావంతో ఈ పేరు పెట్టి ఉండవచ్చునని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదం నిలవదు. చెట్టు మొదట పాతుకొన్నదే రాయలసీమలో. నాటించింది ప్రభుత్వం. ‘ఇంగ్లీషు తుమ్మ’ అనే పర్యాయపదం కూడా పాలకుణ్ణే సూచిస్తుంది. బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తొలి ముద్రణ 1852 నాటిది కాబట్టి ఈ అర్థంలో ఈ మాట అందులోకి ఎక్కే అవకాశమే లేదు. నిఘంటువు ముగిసిన పాతికేళ్ళకు చెట్టు వచ్చింది.

పల్నాటివారికి ‘సర్కారు’, ‘అడవి’ అన్న రెండు మాటలు పక్కపక్కన వినబడితే మరొక జ్ఞాపకం మేలుకొంటుంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత అడవిలో పశువులను మేపుకోవడానికి పుల్లరి చెల్లించాల్సి వచ్చింది. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. మాట పాతదే, వసూలు మాత్రం కొత్త కఠినత్వంతో సాగింది. 1921లో పల్నాటి రైతులు పుల్లరి నిరాకరించారు. ఆ ఉద్యమ సందర్భంలో అరెస్టయిన ఉన్నవ లక్ష్మీనారాయణ చెరసాలలో ‘మాలపల్లి’ రాశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో నేలకొరిగాడు. పశువు అడవిలో పచ్చిక మేస్తే పన్ను వేసిన సర్కారే ఊరి బీడులో తుమ్మను నాటింది. తియ్యని కాయను పశువు తింటుంది. గట్టి తొక్క ఉన్న గింజ అరగకుండా పేడలో బయటపడి మొలుస్తుంది. పశువు నడిచిన బాటంతా చెట్టు నడిచింది. మొదలు నరికితే పిలకలు వేస్తుంది. దాని వేళ్ళు లోతుకు పోయి నీటిని అందుకుంటాయి. వానలేని ఏడు కూడా పచ్చగా ఉండేది అదొక్కటే.

అయినా చిల్లచెట్టును కేవలం శత్రువుగా చిత్రించడం పాక్షికమే అవుతుంది. భూమిలేని కుటుంబాలకు పొయ్యి కిందికి కట్టెలు ఇచ్చింది అదే. బొగ్గు బట్టీల మీద బతికే కూలీలకు పని ఇచ్చిందీ అదే. గంధంచెట్టు నాటి ఉంటే ఆ కట్టె పేదవాడి పొయ్యికి చేరేది కాదు. సర్కారు తుమ్మ నిర్మూలన గురించి మాట్లాడేవారు ఆ పొయ్యి సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

తలంబ్రాలు, పులికంప

చిల్ల అక్కరకు తెచ్చిన చెట్టు. అచ్చంగా అందం కోసం తెచ్చి అడవి పాలైన మొక్కకు లాంటానా కమారా సరైన ఉదాహరణ. అమెరికా ఉష్ణమండలానికి చెందిన ఈ పొద పందొమ్మిదో శతాబ్ది తొలి దశాబ్దంలో కలకత్తా వృక్షోద్యానానికి అలంకార మొక్కగా వచ్చింది. అప్పుడు ఆ ఉద్యానానికి పర్యవేక్షకుడు విలియం రాక్స్‌బర్గ్. 1793కు ముందు ఆయన సామర్లకోటలో ఉన్నాడు. తెలుగునాట మొక్కలను సేకరించి, చిత్రాలు వేయించి, వాటి తెలుగు పేర్లను శ్రద్ధగా నమోదు చేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి సంపుటాలుగా వెలువడిన ఆయన గ్రంథం తెలుగు వృక్షనామాలకు విలువైన ఆకరం. మన పేర్లను కాపాడిన మనిషి ఏలుబడిలోని తోటకే మన అడవిని తినే పొద అతిథిగా రావడం చరిత్రలోని విచిత్రాల్లో ఒకటి. దీనికి ఆయనను నిందించే ఉద్దేశం లేదు. నాడు ఆ మొక్క ఇలా మారుతుందని ఊహించినవారు లేరు.

తెలుగులో ఈ పొదకు రెండు పేర్లున్నాయి. ఒకటి తలంబ్రాల చెట్టు. రెండోది పులికంప. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబి రంగుల చిట్టిపూలు కలిసి ఉండడం చూసిన కంటికి పసుపు కలిపిన పెళ్ళి బియ్యం గుర్తొచ్చాయి. ఇది గడప ముందు నిలబడి చూసినవారు పెట్టిన పేరు. రెండోది ఒంటికి ముల్లు గీరుకొన్నవారు పెట్టినది. మనిషి చొరలేని గుబురు, పులి దాగినా తెలియని కంప అన్న భావం అందులో ఉందనుకోవచ్చు. పల్నాటి నైరుతి అంచున మాచర్ల, వెల్దుర్తి వైపు నల్లమల మొదలవుతుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఆ పక్కనే. అక్కడ పులికంప వట్టి అలంకారపు మాట కాదు. ఈ గుబురు కింద గడ్డి మొలవదు. గడ్డి లేకపోతే జింక రాదు. పులికి దాగడానికి చోటు దొరికినా, వేటాడటానికి జంతువు దొరకదు.

ఒక మొక్కకు రెండు పేర్లుండడం పర్యాయపదాల సంగతిగా నిఘంటుకారులు భావిస్తారు. నా దృష్టిలో ఇది అంతకంటే ఎక్కువ. ఆ రెండు పేర్ల నడుమ ఒక కంచె ఉంది. మొక్క కంచె దాటిన తరువాతనే రెండో పేరు పుట్టింది. ఏ మొక్కకైనా పెరటి పేరు ఒకటి, పొలం పేరు మరొకటి ఉందంటే ఆ మొక్క గీత దాటిందని అనుమానించవచ్చు. బిళ్ళగన్నేరుకు అలాంటి రెండో పేరు లేదు, చంద్రకాంతకు లేదు, కాగితంపూలకూ లేదు.

కాలువ వెంట

1955 డిసెంబరులో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కుడికాలువకు నీరు వదిలారు. పల్నాటి జొన్నచేలలో కొంత భాగం మాగాణి అయింది. నీటితో బాటు ఈ మెట్టసీమకు నీటి మొక్కలకు తగిన తావులు కూడా ఏర్పడ్డాయి. కాలువ పూడికతీత వార్తల్లో నేటికీ జంటగా కనబడే రెండు పేర్లు తూటికాడ, గుర్రపుడెక్క. రెండూ అమెరికా నుంచి వచ్చినవే. రెండూ పూల అందం వల్ల ఖండాలు దాటినవే. లేత ఊదా గరాటు పూల తూటికాడను ఇళ్ళ చుట్టూ కంచెగానూ నాటేవారు. విరిగిన కొమ్మ తడి తగిలితే చాలు, వేరు వేస్తుంది. గుర్రపుడెక్క పందొమ్మిదో శతాబ్ది చివరలో బెంగాలుకు కొలను అలంకారంగా వచ్చింది. పిల్లమొక్కలు వేసుకొంటూ నీటి ముఖాన్ని కప్పేస్తుంది. దాని కింద నీటికి వెలుతురూ గాలీ అందవు. ఆకు ఆకారాన్ని చూసి పెట్టిన ఈ పేరులో ‘సీమ’ లేదు. అందువల్ల మొక్క ఇక్కడిదేనన్న భ్రమ కలుగుతుంది.

భ్రమ కలిగించే పేర్లలో నాగజెముడు కూడా చేరుతుంది. జెముడు మన పాత మొక్క. పడగ ఆకారపు మట్టలున్న అమెరికా ముళ్ళమొక్కకు ముందు ‘నాగ’ చేర్చి చుట్టరికం కలిపారు. పద్దెనిమిదో శతాబ్ది చివర ఇంద్రగోపపు ఎర్రరంగు కోసం కంపెనీవారు మద్రాసులో ఈ జాతి మొక్కల తోటలు వేయించారు. తరువాత వీటిలో ఒక జాతి పొలాలను కమ్మేసింది. చివరికి 1926లో సింహళం నుంచి తెచ్చిన మరో రకం రంగుపురుగే దాన్ని అణచింది. నాగజెముడు అన్న మాటలో ఈ ప్రయాణానికి సంబంధించిన ఆనవాలు ఒక్కటీ లేదు. పైగా నాగుల పేరు చేరడంతో దానికి పౌరాణికమైన పాతదనం వచ్చింది.

వయ్యారిభామ

పార్థీనియం 1950ల మధ్యలో పుణె పరిసరాల్లో గుర్తింపులోకి వచ్చింది. దిగుమతి గోధుమలతో కలిసి వ్యాపించిందన్నది బహుళ ప్రచారంలో ఉన్న అభిప్రాయం. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వెలువడింది. దానికి పదసేకరణ జరిగేనాటికి ఈ కలుపు తెలుగు చేలకు చేరి ఉండే అవకాశం తక్కువ. అంటే ‘వయ్యారిభామ’ ఒకటి రెండు తరాల కిందట పుట్టిన మాట. ఎవరో రైతు పెట్టిన పేరు ఇంత త్వరగా తెలుగునాట అంతటా పాకడం భాషాశాస్త్రజ్ఞులు పట్టించుకోదగ్గ విషయం.

ఈ పేరులో చుట్టరికం లేదు, రాకడ లేదు. ఉన్నది చూపు మాత్రమే. సన్నని కాడల చివర తెల్లని చిట్టిపూలు గాలికి ఊగడాన్ని వయ్యారంగా చూశారు. తాకితే ఒంటికి దద్దుర్లు, పుప్పొడితో ఉబ్బసం. పశువులు ముట్టవు. ఒక్క మొక్కే వేల గింజలు రాలుస్తుంది. మిర్చిచేలో, పత్తిచేలో దీన్ని పీకే పని ఎక్కువగా పడేది కూలి స్త్రీల మీద. భామ అన్న పేరు మాత్రం హానికి అంటగట్టారు. అందమైన స్త్రీ మోసగత్తె అన్న పాత సాహిత్య సూత్రం కలుపుమొక్క దాకా దిగివచ్చింది. ఇందులో హాస్యం ఉన్న మాట నిజమే. ఆ హాస్యం ఎవరి మీద అన్నది కూడా అడగవలసిందే.

పరాయిదంతా కంపేనా?

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ‘సీమ’ మొక్కలన్నీ హానికరమని తీర్మానించడం పెద్ద పొరపాటు. పల్నాటి బతుకుతెరువైన మిరప అమెరికాదే. మిరియం అన్న పాత మాటతో ముడిపడ్డ పేరు పెట్టుకొని ఇంటిదైపోయింది. జామ, బొప్పాయి, సీతాఫలం, వేరుశనగ అంతే. పుట్టుక మొక్కకు దోషం కాదు. చూడవలసింది దాని నడత. కాగితంపూల తీగ ఎంత విరగబూసినా మన దగ్గర గింజ పట్టడం అరుదు. కొమ్మ నాటితేనే కొత్త మొక్క వస్తుంది. అందువల్ల మనిషి నాటిన చోటే ఉంటుంది. పులికంప నల్లని పండును పిట్ట తిని మైలు దూరాన రాలుస్తుంది. పెరట్లోకి ఒక మొక్కను తెచ్చుకొనేవారు పూవుకంటే ముందు కాయను చూడాలి. ఆ కాయను తినేదెవరు, గింజ ఎక్కడ పడుతుంది, విరిగిన కొమ్మ వేరు వేస్తుందా, నరికిన మొదలు చిగురిస్తుందా, పశువు మేస్తుందా అని విచారించాలి. జానపద నామాలు ఈ విచారణలో సగం పని చేసిపెట్టాయి. కంప, తూటి, తుమ్మ అన్న మాటలు మొక్క స్వభావాన్ని చెబుతాయి.

ఆ పేర్లు నేడు అంగడిలో వినబడకపోవడమే అసలు చిక్కు. తెలుగునాట పెరటి మొక్కలకు పెద్ద అంగడి గోదావరి తీరాన కడియం. అక్కడి నర్సరీల్లో మొక్క లాటిన్ పేరుతోనో ఇంగ్లీషు పేరుతోనో పలుకుతుంది. తలంబ్రాలూ కాదు, పులికంపా కాదు, దాని మూడో పేరు ‘లాంటానా’. తోటరకాల్లో కొన్నింటికి కాయ పట్టదు, కొన్నింటికి పడుతుంది. కుండీ మీది పేరు ఆ తేడా చెప్పదు. నల్లమల అంచున అటవీ సిబ్బంది పెరికివేసే పొదనే ఒకరు డబ్బిచ్చి కొని ఇంటి ముందు నాటుకోవడానికి ఈ మూడో పేరు వీలు కల్పిస్తుంది. ఉద్యానాల్లో నేలను కప్పడానికి పరిచే పచ్చపూల వెడేలియాకు వాడుకలో తెలుగు పేరే లేదు. ప్రపంచంలోని 100 ప్రమాదకర దురాక్రమణ జాతుల పట్టికలో లాంటానా, గుర్రపుడెక్కలతో బాటు అదీ ఉంది. రోడ్ల మధ్య విభాజకాలపై నాటిన కోనోకార్పస్ సంగతి కొంత వేరు. దాని మీది వివాదం పుప్పొడి గురించి, వేళ్ళ గురించి. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. ఆ చెట్టును కొట్టాలా ఉంచాలా అన్న చర్చ మన పట్టణాల్లోనూ సాగింది. ఆ చర్చ అంతటా దాని లాటిన్ పేరే వినబడింది.

వృక్షనామాల ఆరోపాలను కొత్తగా రాసేటప్పుడు శాస్త్రీయ నామం ఇచ్చి ‘ఒక చెట్టు’, ‘ఒక పూలమొక్క’ అని వదిలేయడం మన నిఘంటువుల అలవాటు. పులికంప కింద తలంబ్రాల చెట్టునూ, తలంబ్రాల చెట్టు కింద లాంటానానూ చూపితే చాలదు. ఏ పేరు ఏ మండలంలో, ఎవరి నోట, పెరటిలోనా పొలంలోనా అన్న వివరం కూడా చేరాలి. మేకలు కాచేవారూ, కాలువ పనికి పోయేవారూ, కలుపు తీసే స్త్రీలూ ఈ పదసేకరణకు మొదటి ఆవేదకులు. మాచర్ల, దుర్గి, బొల్లాపల్లి మండలాల నుంచి ఆ పని మొదలుపెట్టవచ్చు. అడవి అంచు, మెట్టచేను, సాగర్ కాలువ ఈ మూడూ దగ్గరదగ్గరగా దొరికే చోటు అది.